ముప్పై రెండో ఏటి రాగి పైస

కొందరు తాగి సంసారం ఆగం చేసుకుంటరు. కొందరు పత్తాలాడి చేసుకుంటరు. నాకు ఆ రెండు అలవాట్లూ లేవు. అందుకే నా అంత మంచోడు సిరొంచల లేడని మా అత్తగారి ఊరోళ్లు గూడ అనేటోళ్లు. అసొంటి నేను, దుకాణంల ఇస్తే ఒక చాక్లెట్ గూడ రాని అరిగిపోయిన రాగి పైస కోసం, నన్ను బిడ్డ లెక్క చూసిన ఒక పెద్దమనిషిని ఊరు ఇడిపిచ్చి పంపిన. అది గూడ అంగడి నాడు, నలుగురి ముందల. ఇగ చెప్తున్న, నవ్వుకునేటోళ్లు నవ్వుకోండ్రి. నవ్వినంక మాత్రం జర నా మొఖం దిక్కు చూడకుండ్రి.

నా పేరు సదానందం. మహారాష్ట్రల, ప్రాణహిత ఒడ్డున ఉన్న మా సిరొంచ తహసీల్ ఆఫీసు ఎదురుంగ నాది జెరాక్స్ దుకాణం. భూమి కాయితాలు, కులం దాఖలాలు, ఆధార్ కార్డులు, ఈ తాలూకాల ఎవ్వలు పుట్టిన తారీఖైన నా మిషన్ కింది నుంచి పోవాల్సిందే. పొద్దుగాల తొమ్మిది నుంచి పొద్దుగూకెదాక తారీఖులే. ఒక్క అంకె తప్పున్నా కాయితం వాపస్ వస్తది కాబట్టి, ప్రతి అంకెను మూడుసార్లు చూసుడు నాకు రోగం లెక్క అయింది. మా పెండ్లి పత్రికల గూడ ముందుగాల నేను చూసింది పిల్ల పేరు కాదు, తారీఖు. ఈ ముచ్చట సుజాత ఇప్పటిదాక మర్వలే. సుజాత అంటే ఆ పత్రికల ఉన్న పిల్ల, నా పెండ్లాం.

నా దుకాణం గోడకు ఆనుకొని యూసుఫ్ భాయ్ గడియారాల దుకాణం ఉండేది. దుకాణం అంటే పెద్దగ అనుకోకుండ్రి, అల్మారి అంత డబ్బ. ఆయన లోపల కూసున్నంక గాలికి గూడ జాగ మిగలది. అరవై ఎనిమిదేండ్ల మనిషి. భార్య పోయి ఆరేండ్లయింది. ఒక్క బిడ్డ షబానా, ఆమెను అహేరిల ఇచ్చిండు. నా షట్టర్ తాళం చెవి ఒకటి ఆయన దగ్గరనే ఉండేది. నేను ఆలస్యంగ వచ్చిననాడు ఆయనే తెరిచి, ఊడ్చి, నీళ్లు చల్లి, గిరాకీని కూసోపెట్టేటోడు. నేను వచ్చినంక ఒక్క మాట అనేటోడు కాదు.

నాలుగైదేండ్ల కింద ఒక వానకాలం మూడు రోజులు కరెంటు పోయింది. కరెంటు లేని జెరాక్స్ దుకాణంల కూసున్న మనిషి అంత పనికిరాని మనిషి లోకంల ఉండడు. నా మొఖం చూడలేక యూసుఫ్ భాయ్ ఒక బట్ట సంచి తెచ్చి నా బల్ల మీద పోసిండు. పాత రాగి పైసలు. ఒక దిక్కు రాజు తలకాయ, ఇంకో దిక్కు ఆకుల దండ, దండ నడుమ ‘పావు అణా’ అని ఇంగ్లీషుల, దాని కింద అది తయారైన ఏడు.

"ఏటికొక్కటి ఏరు బేటా. టైం పోతది" అన్నడు.

టైం పోయింది భాయ్! మూడేండ్లు పోయింది.

అవి బజార్ల తిరిగిన పైసలు. ఎన్ని చేతులు మారినయో, ఎన్ని కొంగు ముడులల్ల చెమటకు తడిసినయో, కొన్నిటి మీద రాజుకు ముక్కు లేదు, కొన్నిటి మీద చెవు లేదు. ఒకదాని మీదనైతే మొత్తానికి రాజే లేడు, గడ్డం ఒక్కటి మిగిలింది. ఎండకు అటు తిప్పి ఇటు తిప్పి, భాయ్ భూతద్దం కన్నుకు పెట్టుకొని ఏడు చదవాలె. చదివినంక వచ్చే సంబురం నేను చెప్పలేను. మా తాత పుట్టింది పంతొమ్మిది వందల ఇరవై నాలుగుల అని మా నాయిన అనేటోడు. అక్కడ్నుంచి షురూ చేసి, ఆ రాజు తలకాయతోని చివరి పైస వచ్చిన ముప్పై ఆరు దాక, పదమూడు ఏండ్ల పైసలు వరుసగ జమ చెయ్యాలని పట్టుబట్టిన. వడ్లాయనతోని టేకు చెక్క మీద పదమూడు గుంతలు తవ్వించిన. చెక్కను దేవుని పటం పక్కన పెట్టిన. సుజాత రోజూ దాన్ని తీసి గోడ మూలకు పెడుతది, నేను మళ్ల పటం పక్కన పెడుత.

పదమూడింట్ల ఏడు భాయ్ సంచిలనే దొరికినయి. మిగిలినయి అహేరిల పాత రాగి, ఇత్తడి కొనేటోళ్ల దగ్గర బిందెల కింద, గంటెల కింద ఎతికి తెచ్చిన. అవి నల్లగున్నయని నేను ఒకనాడు చింతపండు పెట్టి తోమిన. మెరుపు ఎట్ల వచ్చిందంటే పెండ్లి చెంబు లెక్క! ఉరికి పోయి చూపిస్తే భాయ్ మొఖం మాడిపోయింది.

"అరె బేటా, అది మురికి కాదు. అది దాని చర్మం. బతికి ఉన్నదాని చర్మం గుంజి తెచ్చినవ్ కదరా" అన్నడు.

నేను నవ్విన. నాకు అప్పటికి గంతనే తెలివి.

పన్నెండు గుంతలు నిండినయి. ఒక్కటి మిగిలింది. ముప్పై ఒకటి ఉన్నది, ముప్పై మూడు ఉన్నది, నడుమ ముప్పై రెండు జాగ ఖాళీ. ముందటి పన్ను ఊడిన పిల్లగాని నోరు లెక్క ఆ చెక్క నన్ను చూసి నవ్వేది.

"భాయ్, ముప్పై రెండు?" అన్న.

"ముప్పై రెండు లేదు బేటా" అన్నడు, గడియారం దిక్కు చూసుకుంటనే.

"ఇంకో సంచిల చూడరాదు?"

"లేదు. ఇడిచిపెట్టు."

మామూలుగ ఆయన ఏదన్న లేదంటే ‘అయ్యో, అల్లా, లేకపాయె’ అని తలకాయ ఊపుతడు, చాయ్ తాగిపిస్తడు. ఈ ఒక్క ముచ్చట కాడ మాత్రం మొఖం అటు తిప్పుకున్నడు. నాకు జర ఎట్లనో అనిపించింది. కాని ఇంక నా బుద్ధి పూర్తిగ గడ్డి తినలే.

‘ఫోన్ల చూస్తే అయిపోతుండె కదా’ అంటరు మీరు. చూసిన! ఫోన్ల ఒకాయన తలకాయ ఊపుకుంట, ‘ముప్పై రెండో ఏటి పావు అణా మీ ఇంట్ల ఉన్నదా? ఉంటే మీ తలరాత మారినట్టే’ అని చెప్తున్నడు. పైస ఫోటో గూడ చూపిచ్చిండు. కండ్లార చూసిన. ఇగ నన్ను ఆపుడు ఎవ్వలి తరం?

రేగుంటల బక్కవ్వ అనే ముసలామె దగ్గర ఉన్నదని ఒకరు చెప్తే బండి వేసుకొని పోయిన. ఆమె నన్ను గంటన్నర కూసోపెట్టింది. తన ముగ్గురు కోడండ్ల మీద ఉన్న ఫిర్యాదులన్ని చెప్పింది. తహసీల్ ఆఫీసు ఎదురుంగ ఉంట కాబట్టి నేను గూడ ఆఫీసరే అనుకున్నది. నేను ‘అవునవ్వ, అవునవ్వ’ అనుకుంట అన్నీ ఇన్న. చివరికి పెట్టె ఇప్పి తీసి చేతుల పెట్టింది. నడుమ పెద్ద చిల్లు ఉన్న పైస. పావు అణా కాదు, ఆ ఏటిదీ కాదు.

"ఇది కాదవ్వ."

"కాకపోతే పాయె, మా పెద్ద కోడలి సంగతి ఏం జేస్తవ్?" అన్నది.

భామ్రాగడ్ల ఒక కిరాణం ఆయన దగ్గర ఉన్నదని ఇంకొకరు చెప్పిండ్రు. శ్రావణంల భామ్రాగడ్ పోతే ఏమైతదో చిన్నపోరడు గూడ చెప్తడు. నేను పోయిన. పోయిన నాడే వాగులు పొంగినయి, తొవ్వ బందయింది. మూడు రోజులు బడి వరండాల పండుకున్న, బడోళ్లు పెట్టిన ఖిచిడీ తిన్న. ఫోన్ కలువలే. ఇంటికాడ సుజాత మా నాయినను పంపి పోలీస్ స్టేషన్ల అడిగిపిచ్చింది. మా నాయినకు షుగర్, ఆ వానల తిరిగి తిరిగి కాలు పుండై పదిహేను రోజులు మంచం పట్టిండు. నేను నాలుగోనాడు జరంతోని వచ్చి, జేబులకెళ్లి ఆ కిరాణం ఆయన ఇచ్చిన వస్తువు తీసి బల్ల మీద పెట్టిన. పాత పోలీసు కోటు గుండీ.

సుజాత దాన్ని చూసింది, నన్ను చూసింది, మా నాయిన కాలు దిక్కు చూసింది. ఆ గుండీని తీసుకపోయి కుట్టు డబ్బల ఏసింది.

అయినా మనిషి అన్నోడు అక్కడ ఆగుతడు. నేను ఆగలే. జరంల పండుకున్నప్పుడే నాకు యూసుఫ్ భాయ్ డబ్బ యాదికొచ్చింది. ఆయన కూసునే పీట కింద ఒక రేకు డబ్బ ఉంటది, బిస్కిట్ల డబ్బ. దానికి తాళం. ఆ తాళం చెవి ఆయన మెడల దారానికి ఉంటది. గడియారాలతోని పాటు అందరి తాళాలు గూడ బాగుచేసే మనిషి, తన దుకాణం షట్టర్ సగం తెరిచిపెట్టి నమాజ్‌కు పోయే మనిషి, ఆ ఒక్క డబ్బకు తాళం ఎందుకేస్తడు? దాంట్ల ఏమున్నదని ఒకసారి అడిగితే ‘అది నాది’ అన్నడు, అంతే.

ఈ ముచ్చట హోటల్ మల్లేశం చెవుల ఏసిన. మల్లేశం మా ఎదురుంగ చాయ్ హోటల్ నడిపిస్తడు. చాయ్ పలుచగ పోస్తడు గని ముచ్చట చిక్కగ చేస్తడు.

"ఎన్నిసార్లు అడిగినవ్?" అన్నడు.

"నాలుగుసార్లు."

"ఏమన్నడు?"

"లేదు, ఇడిచిపెట్టు అన్నడు."

"ఇడిచిపెట్టు అన్నడా!" మల్లేశం గంటె పక్కన పెట్టిండు. "లేనోడు లేదని ఊకుంటడు సదన్నా. ఇడిచిపెట్టు అని ఎవడంటడు? ఉన్నోడే అంటడు."

గా మాట నా చెవుల తేనె పోసినట్టున్నది. ఇంత మంచి లాయరు చాయ్ హోటల్ల ఎందుకు పడి ఉన్నడా అనుకున్న.

పైవారం అంగడి నాడు పొద్దుగాల పది గంటలకు పోయి యూసుఫ్ భాయ్ ముందల నిలబడ్డ. ఎట్ల నిలబడ్డ అంటారా? నడుం మీద చేతులు పెట్టుకొని, దొంగను పట్టిన ఇన్‌స్పెక్టర్ లెక్క.

"భాయ్, ఆ డబ్బల ఏమున్నది?"

"నాది బేటా."

"నీదేలే. ఏమున్నది అంటున్న."

"గడియారం ఇప్పి పెట్టిన. జర పక్కకు జరుగు, వెలుగు రానియ్."

నేను జరుగలే. "ముప్పై రెండు దాంట్లనే ఉన్నది కదా?"

"ముప్పై రెండు లేదు."

"అన్ని ఏండ్ల పైసలు ఉండి, ఆ ఒక్కటి లేకపోవుడేంది? అరిగినయన్ని నాకు పడేసి, మంచిది దాచుకున్నవ్!"

అంగడికి వచ్చినోళ్లు కూరగాయల సంచులతోని ఆగిండ్రు. మల్లేశం కెటిల్ పట్టుకొనే బయటకొచ్చిండు. నేను అప్పుడన్న నోరు మూసుకుంటే అయిపోతుండె. కాని జనం చూస్తుంటే నాకు గొంతు ఇంత పెద్దగయింది.

"దాచి ఏం చేస్తవ్ భాయ్? నీ ఇంట్ల ఇగ ఎవ్వలున్నరని? ఎవ్వలికి పెట్టిపోతవ్ ఆ పైస?"

ఈ మాట నేనే అన్న. నా నోటితోనే అన్న. ఇప్పటిదాక దాన్ని ఎవ్వలి మీదన్న నూకుదామంటె జాగ దొరుకతలేదు.

యూసుఫ్ భాయ్ కన్నుకున్న భూతద్దం తీసిండు. చేతుల ఉన్న గడియారం మెల్లగ బట్ట మీద పెట్టిండు. వంగి, డబ్బ తీసుకొని, లేచి వచ్చి, మెడల ఉన్న చెవితోని తాళం తీసి, నా జెరాక్స్ బల్ల మీద మొత్తం బోర్లించిండు.

ఆడోళ్ల కండ్లద్దాలు, ఒక కాడకు దారం చుట్టి ఉన్నయి. వాటి పెట్టె. పాత పేపర్ల చుట్టిన రెండు ఆకుపచ్చ గాజులు. సగం మిగిలిన కంటి సుర్మా సీస. దువ్వెన, దాని పండ్లల్ల రెండు మూడు తెల్ల ఎంటికలు. ఆయన భార్య పేరు రాసిన చంద్రపూర్ దవాఖాన చీటీలు. చిన్న చేతి గడియారం ఒకటి.

మల్లేశం, మాట్లాడకపోతే చస్తడు కాబట్టి, "భాయ్, ఈ గడియారం ఆగిపోయింది" అన్నడు.

"నేనే ఆపిన" అన్నడు యూసుఫ్ భాయ్.

తర్వాత నా దిక్కు తిరిగి, "మంచిగ చూస్కో బేటా. మళ్ల అడగొద్దు" అన్నడు.

ఇప్పుడు మీరు నవ్వాలె. ఎందుకంటె, నేను అప్పుడు చేసిన పనేందో ఎరుకేనా? ఆ కండ్లద్దాల పెట్టె మూత తీసి లోపల చూసిన. అంతటితోని ఆగలే. బోర్లించి తట్టిన గూడ. ఒక దుమ్ము నలుసు పడ్డది. కూరగాయల సంచి పట్టుకున్న ఒక ముసలామె "థూ" అని ఊంచి పోయింది. ఆమె ఎవ్వలో నాకు తెల్వది, కాని ఆ రోజు అంగడిల సక్కటి బుద్ధి ఉన్నది ఆమె ఒక్కతే.

యూసుఫ్ భాయ్ ఒక్కొక్కటి మళ్ల డబ్బల సర్దుకున్నడు. దువ్వెన మీది ఎంటికలు రాలకుండ రెండు చేతులతోని పట్టుకొని పెట్టిండు.

మరునాడు దుకాణం తెరువలే. నాలుగోనాడు షబానా మొగుడు టెంపో తెచ్చిండు. గడియారాలు, పీట, డబ్బ, అన్ని ఎక్కించిండ్రు. నేను జెరాక్స్ మిషన్ ఎనుకకు వంగి లేని కాయితం ఎతికిన, టెంపో పోయెదాక ఎతుకుతనే ఉన్న. తర్వాత మల్లేశం వచ్చి నా షట్టర్ తాళం చెవి బల్ల మీద పెట్టి పోయిండు. "భాయ్ ఇమ్మన్నడు" అన్నడు. ఆ నాడు మల్లేశం నాకు చాయ్ గూడ పోయలే.

సుజాత అన్నం పెట్టుకుంట అన్నది: "పైసలకు కాళ్లు లేవు కాబట్టి సరిపోయింది. లేకుంటే అవి గూడ నిన్ను ఇడిచి అహేరికి పోతుండె."

సిగ్గు పడ్డనా అంటే పడ్డ. కాని నా సిగ్గు గూడ నా లెక్కనే మొండిది. ‘డబ్బల లేకపోతే ఇంట్ల దాచి ఉంటడు’ అని లోపల ఒక పురుగు కొరుకుతనే ఉన్నది. ఎనిమిది నెలలు అట్లనే పోయినయి. పక్క డబ్బల మొబైల్ కవర్లు అమ్మేటోడు దిగిండు. రోజంతా పాటలు పెడుతడు. గడియారాల టిక్ టిక్ ఇన్నోని చెవులకు అది ఎట్లుంటదో నేను చెప్ప.

ఆ తర్వాత మిషన్ సామాను కోసం చంద్రపూర్ పోయిన. అక్కడ పాత నాణేలు కొని అమ్మే సేఠ్ ఒకాయన ఉన్నడని తెలిసి, చెక్క గూడ సంచిల పెట్టుకొని పోయిన. తెల్ల బనీన్ ఏసుకొని, పెద్ద టేబుల్ ఎనుక కూసున్నడు. చెక్కను చూసి, చింతపండు పెట్టిన పైసలు చూసి, "ఇవి ఎవ్వలు చంపిండ్రు?" అని హిందీల అడిగిండు. నేను ఇనవడనట్టే ఊకున్న.

"సేఠ్‌జీ, ముప్పై రెండు కావాలె."

"బత్తీస్ నహీ హై" అన్నడు.

"మీ దగ్గర లేదా?"

సేఠ్ తలకాయ ఎత్తి చూసిండు. "నా దగ్గర కాదు. ఎవ్వలి దగ్గర లేదు. ఆ ఏట పావు అణా ముద్దరనే కొట్టలే. టంకశాలల తయారే కాలే. యాడికెళ్లి తెస్తవ్?"

ఫోన్ల ఫోటో చూపిచ్చిన. భూతద్దం పెట్టి చూసి నవ్విండు. "ముప్పై మూడుది చివరి మూడును గీకి రెండు చేసిండ్రు. తోక చూడు, ఎట్ల వంకర ఉన్నదో." ఒక లావు పుస్తకం తీసి, వరుస చూపిచ్చిండు. ముప్పై ఒకటి కింద ముప్పై మూడు. నడుమ ఏం లేదు. ప్రతి అంకెను మూడుసార్లు చూసే మనిషిని కదా, ముప్పై సార్లు చూసిన.

అప్పుడు నా చెవులల్ల యూసుఫ్ భాయ్ గొంతు ఇనవడ్డది. ‘ముప్పై రెండు లేదు బేటా.’ నా దగ్గర లేదు అని ఆయన ఒక్కసారి గూడ అనలే. ‘నా దగ్గర’ అని కలుపుకున్నది నేను. లోకంల లేదని ఆయన చెప్పిండు. అయిదుసార్లు చెప్పిండు. నేను తెలుగు వచ్చిన మనిషినే, పుట్టిన కాడికెళ్లి తెలుగే మాట్లాడుతున్న.

సేఠ్ మంచినీళ్లు ఇచ్చిండు. నా మొఖం గట్లున్నదట.

ఆ వారంలనే అహేరి బస్సు ఎక్కిన. వాన, తొవ్వ నిండ గుంతలు. ఒక్కొక్క గుంత కాడ మాఫీ మాటలు మార్చుకున్న. ‘భాయ్, తప్పయింది’ అందామా, ‘భాయ్, నన్ను కొట్టు’ అందామా అని. అహేరి వచ్చెసరికి అన్నీ కలిసిపోయి ఒక్కటీ మిగలలే.

షబానా తలుపు తీసి నన్ను చూసి అట్లనే నిలబడ్డది. రమ్మనలే, పొమ్మనలే. లోపలి నుంచి యూసుఫ్ భాయ్ "ఎవరమ్మా?" అన్నడు. ఆమె చెప్పలే. నేనే చెప్పులు ఇడిచి పోయిన.

కిటికీ కాడ కూసొని ఎవ్వలిదో గోడ గడియారం ఇప్పుకున్నడు. బక్కగయిండు. మోకాళ్లకు బట్ట చుట్టుకున్నడు.

"చంద్రపూర్ పోయిచ్చిన భాయ్."

"ఊఁ."

"ముప్పై రెండు ముద్దరనే కొట్టలేదట."

"ఊఁ."

"నీకు ముందుగాల్నే ఎరుకేనా?"

"ఎరుకే. శాన ఏండ్ల సంది."

"మరి పూరా చెప్పకపోతివి భాయ్! ఒక్క మాట, తయారే కాలే అంటే నేను ఆగకపోదునా?"

ఆయన స్క్రూ డ్రైవర్ కింద పెట్టిండు. "పూరా చెప్పాలంటే హమీద్ అన్న ముచ్చట చెప్పాలె. అది నాతోని కాలే."

అప్పుడు చెప్పిండు. హమీద్ ఆయన సొంత అన్న. వాళ్ల నాయిన ఒకప్పుడు గోదావరి మీద పడవ నడిపిండు. దాటినోళ్లు ఇచ్చిన రాగి పైసలు ఒక సంచిల ఏసేటోడు. నాయిన పోయినంక ఆ సంచి పెద్దోడు హమీద్ దగ్గర ఉండె. చిన్నోడు యూసుఫ్‌కు అప్పుడు పైసలు వరుసగ ఏరే పిచ్చి. నా లెక్కనే. ఆయనకు గూడ ముప్పై రెండే దొరకలే. అన్న దాచిండనుకున్నడు. చెల్లె నిఖా నాడు, చుట్టాలు భోజనం చేస్తుంటే, అందరి ముందల అడిగిండు.

"అన్న లేచిండు. తన జేబులు తిప్పి చూపిచ్చిండు. మా వదినె సామాను సంచి గూడ తెచ్చి నా ముందల పెట్టిండు. ఆ పైసల సంచి నాకే ఇడిచి, పై నెలనే మంచిర్యాల పోయి అక్కడనే బతికిండు. ఏడాది తర్వాత ఒక మాస్టర్ నాకు పుస్తకం చూపిచ్చిండు, ఆ ఏటిది పుట్టనే లేదని. మాఫీ అడుగుదామని నాలుగుసార్లు బస్టాండ్ దాక పోయిన. బస్సు వస్తది, నేను చాయ్ తాగి వాపస్ వస్త. సిగ్గయింది బేటా. ఇయ్యాల పోత, రేపు పోత అనుకుంట జిందగీ పోయింది."

స్క్రూ డ్రైవర్ మళ్ల చేతులకు తీసుకున్నడు.

"నా పిచ్చి నీకు అంటించింది నేనే. కరెంటు పోయిందని సంచి పోసినప్పుడే అనుకున్న, ఈ పని చెయ్యొద్దు యూసుఫ్ అని. అయినా నువ్వు నయం. ఎనిమిది నెలలకే వచ్చినవ్."

నేను అప్పుడు ఏడ్చిన. ఏడ్చుకుంటనే అడిగిన: "ఆయన ఉన్నడా భాయ్?"

"ఉన్నడట. పక్షవాతం వచ్చి మంచంల ఉన్నడట."

"అయితే లే. పోదాం."

"మోకాళ్లు..."

"నేను పట్టుకుంట."

ఎనుకకు తిరిగి చూస్తే షబానా తలుపు కాడ నిలబడి ఉన్నది. "కూసో అన్నా. చాయ్ పెడుత" అన్నది. ఆ చాయ్‌ల ఉప్పు పోసి ఇచ్చినా తాగేటోన్ని.

పై ఆదివారం ప్రాణహిత వంతెన దాటి మంచిర్యాల పోయినం. తొవ్వ పొడువునా భాయ్ కిటికీల నుంచి బయటకే చూసిండు. నేను మాత్రం భయానికి మాట్లాడుతనే ఉన్న. పత్తి చేన్లు చూపిచ్చిన, కొత్త ఇండ్లు చూపిచ్చిన, "భాయ్, ఆ బర్రెకు ఒక్కటే కొమ్ము చూడు" అన్న. బస్టాండ్ల దిగినంక ఆయన చాయ్ దుకాణం దిక్కు తిరిగిండు. నేను రెక్క పట్టుకొని ఆటోల కూసోపెట్టిన.

సన్నటి గల్లీల చిన్న ఇల్లు. హమీద్ సాబ్ కోడలు తలుపు తీసింది. ఎవ్వలని చెప్తే ఆమెకు సమజ్ కాలే, మామకు తమ్ముడున్నడని ఆమెకు తెల్వనే తెల్వది. ఆ మాట ఇన్నంక యూసుఫ్ భాయ్ గడపల్నే ఆగిపోయిండు.

లోపల మంచం మీద ఒక బొక్కల గూడు. సగం మొఖం కిందికి జారింది, ఒక చెయ్యి పనిచేస్తలేదు. కండ్లు మాత్రం బాగున్నయి. ఆ కండ్లతోని గడప దిక్కు చూసిండు. చూసిండు, చూసిండు. పెదవులు కదిలినయి. మాట తేటగ వస్తలేదు. కోడలు చెవు దగ్గర పెట్టి ఇని, సమజ్ కాక మా దిక్కు తిరిగింది.

"ఏందో అడుగుతుండు. ‘మిలా క్యా రే’ అంటుండు. ఏం దొరకాల్నండి?"

దొరికిందా రా అని!

అన్నేండ్లు పోయినయి, మనిషి సగం పోయిండు, ఆ ఒక్క ప్రశ్న పట్టుకొని ఉన్నడు. యూసుఫ్ భాయ్ ఒళ్లంతా ఊగిపోయింది. నవ్విండో ఏడ్చిండో నాకు తెల్వది, రెండూ ఒక్కటే తీరుగ ఉన్నయి. "నహీ భాయ్‌జాన్, నహీ మిలా" అనుకుంట పోయి కాళ్ల కాడ కూలబడ్డడు. హమీద్ సాబ్ పనిచేసే చెయ్యి లేపి, మంచం పట్టె మీద తట్టిండు. కింద కాదు, పైన కూసో అని. ఆ జారిన మొఖంల ఒక దిక్కు పెదవి మీదికి లేసింది. అది నవ్వే, నేను ఒట్టేసి చెప్త.

పొద్దు వంగెదాక ఇద్దరు అట్లనే కూసున్నరు. నేను బయట అరుగు మీద కూసొని గల్లీ మేకలను చూసిన.

నెలన్నరకు హమీద్ సాబ్ పోయిండు. జనాజాకు యూసుఫ్ భాయ్ ముందల ఉన్నడు, నేను ఎనుక ఉన్న. దఫన్ అయినంక, మట్టి ఏసి వస్తుంటె, ఆయన నాతోని ఒక్కటే మాట అన్నడు: "నాలుగుసార్లల్ల మొదటిసారే బస్సు ఎక్కి ఉంటే, ఆయన నాతోని మాట్లాడుతుండె కదా బేటా, నోరు బాగున్నప్పుడు." నేను ఆయన రెక్క పట్టుకొని నడిచిన. ఆయన సిరొంచకు వాపస్ రాలే. ఇగ రాడు. నేనే రెండు నెలలకోసారి అహేరి పోయి వస్తున్న.

అందుకని ఆఫీసోళ్లు అడిగే తీరుగ ఒక ప్రతిజ్ఞాపత్రం రాసిన. సదానందం అనే నేను, బుద్ధి సక్కగున్నప్పుడు, ఎవ్వలి బలవంతం లేకుండ రాసిచ్చేది ఏమనగా: ఇక మీదట ఏ వస్తువైనా సరే వరుసగ జమ చెయ్య. ఎవ్వలు ఏది లేదన్నా, ఎక్కడ లేదు, ఎవ్వలి దగ్గర లేదు అని మర్యాదగ అడిగి తెలుసుకుంట. పరాయి మనిషి తాళమేసిన డబ్బ దిక్కు చూడ. తప్పు చేస్తే బస్టాండ్ల చాయ్ తాగకుండ బస్సు ఎక్కుత. వానకాలం భామ్రాగడ్ పోను గాక పోను.

కింద సంతకం చేసి, తారీఖు మూడుసార్లు చూసి, సాక్షి సంతకం కోసం సుజాత ముందల పెట్టిన. ఆమె మొత్తం చదివి, మడిచి, బియ్యం డబ్బ కింద పెట్టింది. ఒక ఏడాది నా నడవడి చూసి, అప్పుడు చేస్తదట.